పోలే పోలే

అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు. పెళ్ళయిన ఇరవైరెండేళ్ళలో ఆ మెట్లు మేమిద్దరం ఏడుసార్లు ఎక్కాం. "మేమిద్దరం" అన్నాను గాని, అందులో కాస్త అబద్ధం ఉంది. మా వారు ఎక్కేవారు. ఆ తర్వాత గంటన్నరకో రెండు గంటలకో నేనూ ఎక్కేదాన్ని. గాలిగోపురం చేరకముందే ఆయన వీపు నాకు కనుమరుగైపోయేది. తీరా నేను పైకి చేరేసరికి ఆయన స్నానం కానిచ్చి, బొట్టు పెట్టుకుని, గడియారం చూసుకుంటూ నిలబడి ఉండేవారు.

"వచ్చావా? స్వామివారు నీకోసం పవళింపు వాయిదా వేసుకుందామా అని ఆలోచిస్తున్నారు" అనేవారు.

ఏడుసార్లూ ఇదే మాట. ఏడుసార్లూ నేను నవ్వాను.

ఆయన బాంకి ఉద్యోగి. నడకా, మాటా, భోజనమూ అన్నీ వేగమే. రైలు పదింటికైతే తొమ్మిదింటికే స్టేషనులో ఉండే మనిషి. నేను కాలేజీలో తెలుగు చెబుతాను. గంట కొట్టేలోగా పద్యం పూర్తిచేసిన రోజులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. అంచేత మా ఇంట్లో "ఆలస్యం" అన్న మాటకు పర్యాయపదం నేనే.

ఇలాంటి మేము కిలిమంజారో ఎక్కడానికి వెళ్ళామంటే మా చుట్టాలు ఇప్పటికీ నమ్మరు.

మా తమ్ముడు టాంజానియాలో, దారెస్సలాంలో ఉద్యోగం చేస్తున్నాడు. "సెలవుల్లో రండి, ఆఫ్రికాలోకెల్లా పెద్ద కొండ చూపిస్తాను" అని రెండేళ్ళుగా పోరాడు. "చూడ్డానికి అంత దూరమెందుకు? ఎక్కుదాం" అన్నారు మా వారు. తాళ్ళూ గొడ్డళ్ళూ అక్కర్లేకుండా నడిచి ఎక్కగలిగిన కొండే అది. కాని ఎత్తు 5,895 మీటర్లు. మన తూర్పు కనుమల్లో ఎంత గొప్ప కొండయినా 1,700 మీటర్లు అందుకోదు. అలాంటివి మూడు ఒకదానిమీద ఒకటి నిలబెట్టినా ఇంకా మెడ ఎత్తి చూడవలసిందే.

పైకి పోవడానికి దారులు చాలా ఉన్నాయి. మరంగు దారిన ఐదు రోజుల్లో వెళ్ళి రావచ్చు. పడమటి వైపునుంచి లెమోషో దారి పట్టుకుంటే, కొండను దక్షిణంగా చుట్టుకుంటూ దాదాపు 70 కిలోమీటర్లు నడిచి, ఎనిమిదోనాటికి దిగుతాం.

"ఐదు రోజుల పనికి ఎనిమిది రోజులా? పైగా రోజుకింతని పార్కువాళ్ళకు రుసుం!" అని మా వారు ఫోనులోనే లెక్కలు కట్టారు.

"బావగారూ, ఆ కొండమీద కాళ్ళ బలం చెల్లదు. అక్కడ చెల్లేది రోజులు. అక్కయ్య కూడా వస్తుందంటే ఎనిమిదికి తక్కువ నేనొప్పుకోను" అన్నాడు మా తమ్ముడు.

దాంతో మా వారికి మంచి సాకు దొరికింది. "మా ఆవిడ నడక సంగతి మీకు తెలుసుగా! అందుకని పొడుగు దారి తీసుకున్నాం" అని బంధువులందరికీ చెప్పారు. ఆర్నెల్లపాటు ఆయన తెల్లవారుజామున పది కిలోమీటర్లు నడిచారు. నేను కాలేజీలో మూడంతస్తుల మెట్లూ ఎక్కుతూ దిగుతూ ఉంటే పిల్లలు కిటికీల్లోంచి చూసి నవ్వుకున్నారు.

దసరా సెలవులకు మరి కొన్ని రోజులు కలుపుకుని బయల్దేరాం. విజయదశమినాటి పొద్దున్న లోండొరోసి గేటు దగ్గర పుస్తకంలో పేర్లు రాశాం. జీవితంలో మొదటిసారి నేను పంట్లాం తొడిగాను. అద్దం లేకపోవడం నా అదృష్టం.

మా ఇద్దరి వెంట పదిమంది బయల్దేరారు. దారి చూపేవాడు, అతనికొక సహాయకుడు, వంటవాడు, తక్కినవాళ్ళు మోతగాళ్ళు. ఒక్కొక్కడిమీద 20 కిలోలకు మించి బరువు పెట్టరాదని అక్కడ నియమం. నెత్తిమీద బుట్టలు, వీపున మూటలు పెట్టుకుని వాళ్ళు మమ్మల్ని దాటిపోతుంటే, భుజాన ఒక చిన్న సంచీ మోస్తున్నందుకే ఆపసోపాలు పడుతున్న నాకు సిగ్గు వేసింది.

మా దారిచూపరి యాభై ఏళ్ళ చగ్గా మనిషి. కొండ దిగువ వాలుల్లో అరటి, కాఫీ తోటలు వేసుకుని తరతరాలుగా బతుకుతున్నవాళ్ళు చగ్గాలు. మొదటి అడుగు వెయ్యకముందే అతను చెయ్యి ఎత్తి "పోలే పోలే" అన్నాడు. స్వాహిలీ భాషలో "మెల్లమెల్లగా" అని దానికి అర్థం.

మా వారు పకపకా నవ్వారు. "చూశావా, అచ్చంగా మన భాషే! పోలే, పోలే... పోలేను మొర్రో అని. నీకోసమే పుట్టిన మాట!"

నిజానికి ఆ భాషలో మనకు తెలిసిన ముఖాలు చాలా కనిపిస్తాయి. చాయ్‌ని చాయ్ అనే అంటారు. చపాతీ చపాతీయే. రంగుని "రంగి" అంటారు, బండిని "గారి", కొట్టుని "దుక", మంచుగడ్డని "బరాఫు". అరబ్బు, హిందూదేశపు ఓడలతో ఆ ఒడ్డుకు చేరిన మాటలవి. మాటలు ఇటునుంచి పోతే అటునుంచి మనకు తిండి వచ్చింది. మన రాగులు వేల ఏళ్ళ కిందట తూర్పు ఆఫ్రికా మెట్టల్లోంచి వచ్చినవే. పొద్దున్నే వంటవాడు తెచ్చి ఇచ్చిన "ఊజి" తాగితే మా అమ్మమ్మ కాచిన రాగిజావ తాగినట్టే ఉంది.

మొదటిరోజు పెద్ద అడవి. నల్లటి ఒంటిమీద తెల్లటి శాలువా కప్పుకున్నట్టుండే కొలోబస్ కోతులు కొమ్మలమీంచి మమ్మల్ని చూశాయి. అరగంట గడవకముందే మా వారు దారిచూపరిని దాటి ముందుకు పోయారు. అతను పిలిచి వెనక్కి రప్పించాడు. మళ్ళీ దాటారు, మళ్ళీ పిలిచాడు. మూడోసారి అతను ఏమీ అనకుండా మమ్మల్ని వరసలో నిలబెట్టాడు. ముందు తను, వెనక నేను, నా వెనక మా వారు, చివర సహాయకుడు. "మీ ఆవిడ నడకే కొండకు సరిపోయిన నడక. మీరు ఆవిడ మడమలు చూస్తూ నడవండి" అన్నాడు.

ఇరవైరెండేళ్ళలో మొదటిసారి ఆయన నా వీపు చూశారు. వెనకనుంచి నాలుగైదు నిట్టూర్పులు వినిపించాయి. నేను తిరిగి చూడలేదు. చూస్తే నా ముఖంలో సంతోషం ఆయనకు కనిపించేది.

ఆ రాత్రి ఎమ్టి ముకుబ్వ, అంటే "పెద్దచెట్టు" శిబిరంలో, సుమారు 2,700 మీటర్ల ఎత్తున పడుకున్నాం. మర్నాడు 3,500. మూడోనాడు షిరా మైదానం అవతల 3,850. కిలిమంజారోకు మూడు అగ్నిపర్వత శిఖరాలు: షిరా, కిబో, మవెంజి. షిరా ఏనాడో కూలిపోయి చదునైంది. కిబో నెత్తిన తెల్లటి మంచు. 1848లో రెబ్మన్ అనే జర్మన్ మతబోధకుడు ఆ మంచుని చూసి రాసి పంపితే, భూమధ్యరేఖ పక్కన మంచేమిటని ఐరోపాలో పండితులు కొందరు ఆయన మాట కొట్టిపారేశారట.

షిరాలో కూచున్నప్పుడు దారిచూపరి మాకు కొండ లెక్క చెప్పాడు. పైకి పోయినా గాలిలో ప్రాణవాయువు పాలు తగ్గదు. కాని గాలి బరువే తగ్గిపోతుంది. శిఖరంమీద అది సముద్రపు ఒడ్డున ఉన్నదాంట్లో ఇంచుమించు సగం. అంటే ఇక్కడ ఒక గుక్కలో అందేది అక్కడ రెండు గుక్కలకు గాని అందదన్నమాట. అంచేత శరీరం గబగబా ఊపిరి తీస్తుంది. అలా తీస్తే రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. పెరగగానే శరీరమే "ఇక చాలు" అని ఊపిరికి కళ్ళెం వేస్తుంది. ఆ క్షారాన్ని మూత్రపిండాలు మెల్లగా బయటికి పంపితే తప్ప కళ్ళెం వదులుకాదు. దానికి రోజులు పడుతుంది. కండలున్నవాడికైనా, నాలాంటిదానికైనా అన్నే రోజులు. కండలున్నవాడు తొందరగా ఎక్కుతాడు గనక ముందు జబ్బు పడేది తరచు వాడే.

"మూత్రపిండాలను ఎవరూ పరుగెత్తించలేరు" అని ముగించాడు. మా వారు నాకేసి చూసి "పొడుగు దారి నీకోసమే అని చెప్పానే!" అన్నారు. ఈసారి ఆ గొంతులో అంత హుషారు లేదు.

నాలుగోనాడు ఈ దారిలోని కిటుకు తెలిసింది. 4,600 మీటర్ల ఎత్తున "లావా టవర్" అనే నల్లరాతి గోపురం దాకా ఎక్కించి, మధ్యాహ్నం తిండి పెట్టి, మళ్ళీ 3,950 మీటర్లకు, బరాంకో లోయలోకి దింపారు. ఎక్కింది దిగడానికా అనిపిస్తుంది. ఎత్తు రుచి చూపించి, కింద పడుకోబెట్టడమన్నమాట. రేపు మళ్ళీ ఆ ఎత్తుకు పోయేసరికి శరీరం దాన్ని గుర్తుపడుతుంది.

రాతిగోపురం కింద మా వారు అన్నం ముట్టలేదు. కణతలు నొక్కుకుంటున్నారు. "తలనొప్పా?" అన్నాను. "ఎండ" అన్నారు. బరాంకోకు దిగేసరికి ఆ ఎండ తగ్గిపోయింది.

ఆ లోయలో సెనీసియో అనే చెట్లు మనిషికి రెండింతలెత్తు ఉన్నాయి. ఎండిపోయిన ఆకుల్ని రాల్చుకోవు. చలికి మాను చుట్టూ గొంగళిలా కప్పుకుని ఉంటాయి. పక్కనే లొబీలియాలు, రాత్రి కాగానే ఆకుల్ని మూసుకుని మొగ్గని కాపాడుకుంటాయి. తమ ఒంటికి ఏం కావాలో వాటికి తెలుసు. ఎవరి దగ్గరా దాచుకోవు.

ఐదోనాడు దాదాపు 250 మీటర్ల నిటారు గోడ. కాళ్ళతోపాటు చేతులూ వెయ్యాలి. ఒకచోట రాతిని కౌగలించుకుని, చెంప ఆనించి, పక్కకు అడుగు వెయ్యాలి. నేను చగ్గా కుర్రవాడి చెయ్యి పట్టుకుని, దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలిచి దాటాను. వెనకనుంచి మా వారి ఎగతాళి వినిపిస్తుందనుకున్నాను. వినిపించలేదు. అప్పుడు నాకు భయం వేసింది. ఆ రాత్రి కరంగాలో 4,000 మీటర్ల దగ్గర ఆయన నిద్రపోలేదు. నేను నిద్రపోతున్నాననుకుని చీకట్లో మాత్రలు మింగారు. మర్నాడు బరాఫు శిబిరానికి చేరాం. 4,650 మీటర్లు. పేరుకు తగ్గట్టు ఎముకలు కొరికే చలి.

రోజూ సాయంత్రం దారిచూపరి మా వేలికి బట్టల క్లిప్పులాంటి చిన్న యంత్రం తగిలించి, రక్తంలో ప్రాణవాయువు చూసి, మూడు ప్రశ్నలు అడిగేవాడు. తలనొప్పి ఉందా? తిండి సయిస్తోందా? నిద్ర పట్టిందా? ఆ సాయంత్రం నాకు 84 వచ్చింది. ఆయనకు 78.

"తలనొప్పి?"

"లేదు" అన్నారు మా వారు. అని, ఒక్క క్షణం నా ముఖంలోకి చూశారు.

నేనేమీ మాట్లాడలేదు.

ఎందుకు మాట్లాడలేదో ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. పదిమందిలో ఆయన మాట కాదనే అలవాటు లేక, అని అప్పుడు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది పూర్తి నిజం కాదు. ఆయన్ని దింపేస్తే నేనూ దిగాలి. నాకు దిగాలని లేదు. పుట్టి బుద్ధెరిగాక మొట్టమొదటిసారి నా నడక ఒకచోట సరైన నడక అనిపించుకుంది. ఆ నడకతో పైదాకా పోవాలని దురాశ పుట్టింది. అంచేత నోరు మూసుకున్నాను.

రాత్రి పదకొండున్నరకు బయల్దేరాం. ఆశ్వయుజ పౌర్ణమి. చంద్రుడు నడినెత్తిన ఉన్నాడు. దీపాలు అక్కర్లేదు. సున్నాకు పది డిగ్రీలు దిగువన చలి. సీసాలో నీళ్ళు మూత దగ్గర గడ్డకట్టాయి. ఒక అడుగు, ఒక ఊపిరి. ఒక అడుగు, ఒక ఊపిరి. పైన పోతున్నవాళ్ళ దీపాలు నక్షత్రాల్లో కలిసిపోయి, కొండ ఎక్కడ ఆగి ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియలేదు.

మూడు గంటలవేళ, 5,200 మీటర్లు దాటాక, వెనక రాళ్ళు దొర్లిన చప్పుడు. తిరిగి చూస్తే మా వారు సహాయకుడి భుజంమీద వాలి ఉన్నారు. దారిచూపరి కిందికి వచ్చి, నేలమీద కర్రతో గీత గీసి, మడమకు వేళ్ళు ఆనిస్తూ దానిమీద నడవమన్నాడు. మూడో అడుగుకే ఆయన పక్కకు తూలారు. ఇంకోసారి అన్నారు. ఇంకోసారీ తూలారు.

ఆ గీతమీద తూలడమంటే మెదడులో వాపు మొదలైనట్టు. దానికి మందు ఒకటే: వెంటనే దిగడం. వేళ మించితే ప్రాణంమీదికి వస్తుంది.

మా వారు రాతిమీద కూచుండిపోయి, తలెత్తి నాకేసి చూశారు. "పోలేనోయ్" అన్నారు.

హాస్యానికి కాదు. ఆ మాట ఆయన నోటివెంట వినడం నాకదే మొదలు.

దారిచూపరి ఆయన భుజంమీద చెయ్యి వేసి "పోలే సానా" అన్నాడు. స్వాహిలీలో "పోలే"కు ఇంకో అర్థం ఉంది. ఎదటివాడి కష్టానికి "అయ్యో పాపం" అనడానికీ అదే మాట.

సహాయకుడు ఆయన్ని దింపుతాడు, బరాఫులో ఇంకొకరిని తోడు తీసుకుని, ప్రాణవాయువు సీసాతో ఇంకా కిందికి, 3,800 మీటర్లకు చేరుస్తాడు. అలా ఏర్పాటైంది. నేనూ కర్ర పట్టుకుని కిందికి తిరిగాను. పదడుగులు వేశాను కూడా. మా వారు ఆగారు.

"నువ్వెందుకు? నువ్వొస్తే నేను తొందరగా దిగుతానా? నావల్ల నువ్వాగిపోయావన్న మాట నన్ను జన్మంతా మొయ్యమంటావా? వెళ్ళు. కింద కూచుంటాను, ఎంతసేపైనా సరే."

దారిచూపరి వంక చూశాను. నేను దిగినంతమాత్రాన ఆయనకు ఒరిగేదేమీ లేదన్నాడు. ఎక్కమనీ అనలేదు, దిగమనీ అనలేదు. చంద్రుడి వెలుగులో ఆ రెండు నీడలూ మలుపు తిరిగేదాకా నిలబడి చూశాను. తర్వాత పైకి తిరిగాను. ఆ రాత్రి నేను చేసింది తప్పో ఒప్పో పాఠకులే చెప్పాలి. నాకు ఇప్పటికీ తేలలేదు.

స్టెల్లా పాయింటు చేరేసరికి తూర్పున మవెంజి వెనక ఎర్రబారింది. అక్కడినుంచి గంట సేపు బూడిదలాంటి మట్టిలో నడక. ఎడమవైపు మంచు గోడలు. 1912లో ఉన్న మంచులో 85 శాతం 2007 నాటికే కరిగిపోయింది. మిగిలింది చూస్తున్నాను అనుకున్నాను. చివర ఒక చెక్క పలక. అదే ఉహురు శిఖరం. ఉహురు అంటే స్వాతంత్ర్యం. 1961 డిసెంబరు 9న టాంగన్యీకాకు స్వాతంత్ర్యం వచ్చినప్పుడు సైన్యంలోని నిరెండా అనే యువకుడు ఇక్కడికి ఎక్కి జెండా, కాగడా నిలిపాడు.

దారిచూపరి నా ఫొటో తీశాడు. దాంట్లో నేను పక్కకు కాస్త చోటు వదిలి నిలబడి ఉన్నాను. అప్పుడు తెలిసి చేసింది కాదు.

దిగడం, చెప్పొద్దూ, ఎక్కడంకంటే కష్టం. మధ్యాహ్నం రెండు గంటలకు కింది శిబిరం కనిపించింది. దారి పక్కన ఒక బండమీద, దుప్పటి కప్పుకుని, పైకి చూస్తూ మా వారు కూచుని ఉన్నారు. దిగినకొద్దీ తల తేలికైందట, ఇప్పుడు గీతమీద నడవగలరట. పొద్దున్న ఏడింటినుంచి ఆ బండమీదే ఉన్నారని వంటవాడు చెప్పాడు. చేతికి గడియారం లేదు. అడిగితే సంచీలో పెట్టానన్నారు.

పక్కన కూచున్నాను. "బరాఫులో మీకు తలనొప్పని నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు. పైకి పోవాలన్న ఆశతో" అన్నాను.

ఆయన చాలాసేపు పలకలేదు. "నాకూ తెలుసు నీకు తెలుసని. నేనాగితే నువ్వాగుతావని నేను చెప్పలేదు" అన్నారు.

అది సగం నిజం. తక్కిన సగం ఆయన పౌరుషం. నేను ఒప్పుకున్నది మాత్రం పూర్తి నిజం. అందుకే అది ఇద్దరిలో నాకే బరువు. మేం మర్నాడు మ్‌వెకా గేటు దాకా పక్కపక్కనే దిగాం. ఎక్కువ మాట్లాడుకోలేదు.

ఈ సంక్రాంతి వెళ్ళాక మళ్ళీ అలిపిరి వెళ్ళాం, ఎనిమిదోసారి. మొదటి వెయ్యి మెట్లు ఆయన బుద్ధిగా నా వెనకే నడిచారు. తర్వాత ప్రాణం ఉసూరుమంది కాబోలు, "కొంచెం ముందు పోనా?" అని అడిగి మరీ వెళ్ళిపోయారు. పుట్టుకతో వచ్చిన నడక ఎనిమిది రోజుల్లో మారుతుందా?

మోకాళ్ళపర్వతం దగ్గరకు చేరేసరికి ఆయన మెట్టుమీద కూచుని ఉన్నారు, చెరోపక్కా ఒక మజ్జిగ గ్లాసుతో. స్వామివారి పవళింపు సంగతి ఎత్తుతారని ఎదురుచూశాను.

"కుడి మోకాలు నొప్పిగా ఉందోయ్" అన్నారు, నేను అడక్కుండానే.

నేనూ కూచున్నాను. మజ్జిగ చల్లగా ఉంది.